తోక కట్టిన చెయ్యి

నాన్న పోయాక ఆయన గురించి నవ్వుతూ మాట్లాడితే తప్పన్నారు మావాళ్లు. నేను నవ్వుతూనే చెబుతాను, వినేవాళ్లు వినండి.

మా నాన్న హార్బర్లో కళాసీ. ఏడాది పొడుగునా ఓడల్లో బస్తాలు మోసేవాడు, అమ్మవారి పండక్కి మాత్రం పులి అయ్యేవాడు. ఒళ్లంతా పసుపు రంగు, దానిమీద నల్లచారలు, నడుముకి తోక. డప్పులు ముందు నడుస్తుంటే గాజువాక వీధులన్నీ ఆడి వచ్చేవాడు.

ఆ తోక పని మా అమ్మది. హార్బర్లో పారేసిన కొబ్బరితాడు ముక్కలు నాన్న తెస్తే, పీచు చిక్కు తీసి, జడలా అల్లి, ఆయన నడుముకి కట్టేది. కట్టాక గట్టిగా ఒక్క లాగు లాగేది. నాన్న గర్రుమనేవాడు. అప్పుడే డప్పు మొదలవ్వాలి. ముందే ఎవడైనా కొడితే, "తోక నేని పులికి డప్పేటిరా, నాను పిల్లిలాగ కనబడతన్నానా" అనేవాడు.

ఒక ఏడు రంగు చాలక, ఓడలకేసే పెయింటు మిగిలింది తెచ్చి పూసుకున్నాడు. పండగ వెళ్లిపోయింది గానీ రంగు వెళ్లలేదు. అమ్మ కిరసనాయిలు పెట్టి తోముతుంటే, "నెమ్మదే, తోలొచ్చేత్తాది. పులితోలని అమ్ముకుంతావా ఏటి" అని అరిచాడు. ఆ చారలతోనే డ్యూటీకి వెళ్లాడు. మేస్త్రీ అడిగితే, "ఓడ రంగు బాబూ, సముద్రంలో ముంచినా పోదు" అన్నాట్ట.

నన్నిచ్చింది కూడా మా వీధిలోనే. నా పెద్దకూతురు తాత అనడం రాకముందే పులి అనడం నేర్చింది. మంచం కింద దాక్కుని, ఇంటికొచ్చిన చుట్టాల కాళ్ల దగ్గర గర్రుమనడం తాతా మనవరాళ్ల ఆట. మా అత్తగారు ఒకసారి మజ్జిగ గ్లాసుతో సహా గెంతింది.

ఎనభైల్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజుల్లో, పండగ దగ్గర పడుతుండగా జ్వరం వచ్చి నాన్న పోయాడు. పెద్దకర్మ అయింది. అమ్మని మూలగదిలో కూర్చోబెట్టారు. మొగుడు పోయిన ఆడది ఏడాది వెళ్లేదాకా గడప దాటకూడదు, మంచి పనికి వెళ్లేవాళ్లకి ఎదురు రాకూడదు. అది మా పెదనాన్న మాట. ఆయన నాన్నకి అన్న, ఇంటికి పెద్ద.

డప్పుల జట్టు నడిపేది నాన్నతో బస్తాలు మోసినాయనే. అమ్మని అప్పా అని పిలిచే తమ్ముడు, మాకు మావ. ఆయన వచ్చి అన్నాడు. "ఈ ఏడు నా కొడుకు పులి కడతన్నాడు. తోక మాత్రం అప్పే కట్టాల."

పెదనాన్న ఒప్పుకోలేదు. "మైలింట్లో డప్పేటి. ఆవిడ సెయ్యి తగిల్తే నీ కొడుక్కే మంచిది కాదు."

"నా కొడుకు సంగతి నాకొగ్గీ" అన్నాడు మావ.

నేను ఊరుకోలేకపోయాను. "పెదనానా, అమ్మ కట్టిన తోకతో నాన ఏ ఏడూ తూలి పడనేదు. ఇప్పుడా సెయ్యి సెడ్డదెలాగయ్యింది?"

"అప్పుడు మొగుడున్నాడు."

"తోక కట్టింది మొగుడు కాదు."

"రెండో క్లాసు దాటనేదు గానీ దీని నోరు ప్లీడరు నోరు" అన్నాడు పెదనాన్న.

పండగనాడు డప్పులు మా గుమ్మం ముందు ఆగాయి. పెదనాన్న గడపకి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నేను పాత తోక కోసం పెట్టె తీయబోతుంటే, అమ్మ చాపకింద నుంచి కొత్త తోక లాగింది. మూల కూర్చున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా అల్లింది.

అయినా లేవడానికి జంకింది. "ఒల్లకోవే, అందరి నోట్లోనూ పడతాం."

"పడనీ. నాన నోట్లో రోజూ పడేదానివి. అలవాటే కదా."

అమ్మ మూతి బిగించుకుంది, నవ్వు ఆపుకోవడానికి. లేచింది.

పెదనాన్న కదల్లేదు. ఇంతలో నా పెద్దది నాలుగుకాళ్ల మీద పాకుతూ ఆ కుర్చీ కిందకి దూరింది. ఆయన పిక్కల దగ్గర అచ్చం తాతలాగే గర్రుమంది. పెదనాన్న ఎగిరి పక్కకి గెంతాడు. నేను కుర్చీ లాగేశాను. అమ్మ గడప దాటింది.

వీధి వీధంతా చూస్తుండగా మావ కొడుకు నడుముకి తోక కట్టింది. గట్టిగా ఒక్క లాగు లాగింది. కొత్త పులి, పాపం, వాడికి పద్ధతి తెలీదు. బొమ్మలా నిలబడ్డాడు. డప్పులవాళ్లు పుల్లలెత్తి ఆగిపోయారు.

"గర్రుమనరా, నేకపోతే విప్పేత్తాను" అంది అమ్మ.

వాడు గర్రుమన్నాడు. డప్పు మోగింది.

పెదనాన్న కుర్చీ భుజాన వేసుకుని తన ఇంటికి పోయాడు. ఆ మూలగదిలోకి అమ్మ మళ్లీ పోలేదు. బియ్యం బస్తాలు పెట్టుకున్నాం. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ పులి తోక మా గుమ్మంలోనే కట్టాం. కూడదని చెప్పడానికి ఎవరైనా వస్తే రావచ్చు. కుర్చీ వేస్తాం. ఇంత వయసొచ్చినా కింద నా పెద్దది ఉంటుంది.