అమ్మ పాట, వీధిలో కుంపట్లు

మా చిన్నప్పుడు... బెంగాల్‌లోని టికియాపారా రైల్వే క్వార్టర్లలో చలికాలం సాయంత్రమైతే చాలు, ప్రతి గుమ్మం ముందూ ఒక బొగ్గుల కుంపటి రాజుకునేది. పాత బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసినవి. అడుగున పిడకలు, పైన బొగ్గు. ఆ పొగ పైకి పోయేది కాదు... మా తలల ఎత్తులోనే నిలిచిపోయేది. కళ్ళు మండుతున్నా అందులోనే ఆడుకునేవాళ్ళం.

అమ్మ మా తెలుగు చర్చిలో పాడేది. వంట చేస్తూ కూడా పాడేది. ఒక ఏడాది క్రిస్మస్ దగ్గర పడుతుండగా దగ్గు పట్టుకుంది. డాక్టరు మందులిచ్చి, పొగకి దూరంగా ఉండమన్నారు. పొగ లేని చోటు ఎక్కడుందని...

"మనింటి పక్క ముట్టించొద్దని అందరికీ సెప్తానే" అన్నారు నాన్న.

"వొద్దండి. ఆళ్ళు వొండుకోవద్దేటి?" అంది అమ్మ.

ఆ వారం పాటల ప్రాక్టీసుకి వెళ్ళలేదు. ఇంట్లోనూ పాట ఆగిపోయింది.

పక్కింటి మినతి మాసీ, అంటే పిన్ని, బెంగాలీ ఆవిడ. మా మధ్య ఉండి ఉండి తెలుగు నేర్చుకుంది. అమ్మని వాళ్ళ భాషలో 'బౌదీ' అనేది, అంటే వదిన. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, "బౌదీ, పాట రావట్లేదేటి?" అని అడిగింది. అమ్మ నవ్వి, గుండెల మీద చెయ్యేసి చూపించింది.

మర్నాడు మాసీ తన కుంపటిని వీధి చివర, పట్టాల గోడ దగ్గరికి మోసుకెళ్ళి ముట్టించింది. బొగ్గు ఎర్రబడి పొగ తగ్గాక, గుడ్డతో పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తర్వాత ఎదురింటివాళ్ళు... ఆ పక్కవాళ్ళు... ఒక్కొక్కరే కుంపట్లతో అటు నడిచారు.

అమ్మ కిటికీ దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు పొగ లేదు కదమ్మా, కళ్ళెందుకు మండుతున్నాయి?" అని అడిగాను నేను.

క్రిస్మస్ నాడు అమ్మ పాడింది. రెండో చరణంలో దగ్గొచ్చి ఆగింది... పక్కనున్న అమ్మాయిలు అందుకున్నారు. మూడో చరణానికి మళ్ళీ కలిసింది. వెనక బెంచీలో మాసీ కళ్ళు మూసుకుని వింటోంది.

ఇప్పుడూ మేం ఈ ఊళ్ళోనే ఉంటున్నాం. ఇంటింటా గ్యాస్. పొగ కనపడదు. కానీ ఎండాకాలం మధ్యాహ్నాలు మా అమ్మాయికి ఊపిరి బరువవుతుంది. బండ్ల పొగ మీద ఎండ పడితే ఓజోన్ అని ఊపిరికి పడని వాయువు పుడుతుందట, నేల దగ్గరే తిరుగుతుందట. ఎండ తగ్గేదాకా బయట ఆడనివ్వొద్దన్నారు డాక్టరు.

"ఆకాశం బాగానే ఉంది కదమ్మా" అంటుంది అది, బాల్కనీ గ్రిల్ పట్టుకుని. కనపడని దాన్ని ఏమని చూపించను...

ఆ పూటంతా మా అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పాటలు నేర్పుతుంది. ఇద్దరూ మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటారు.

ఈ గాలిని కాస్త అవతలికి జరపమని ఎవరిని అడగాలో నాకు తెలియదు. మినతి మాసీ లాంటివాళ్ళు మీ వీధిలోనూ ఉండేవారా? ఉంటే వాళ్ళ గురించి రాయండి. అమ్మకి ఫోన్‌లో అక్షరాలు ఆనవు... నేనే చదివి వినిపిస్తాను.