అత్తయ్య ఉత్తరానికి ఒక బంద్

కలకత్తాకు కొత్తగా వచ్చినవాళ్లకి బంద్ అంటే భయం. మాలాంటి పాతవాళ్లకి మాత్రం పండగే. రేపు బంద్ అన్న మాట చెవిన పడితే చాలు, హౌరా పక్కనున్న మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్లందరి కాళ్లకూ చక్రాలు మొలిచేవి. రెండు రోజుల పని ఒక్క రోజులో చేసెయ్యాలి. ఆ హడావుడి అంటే నాకు ప్రాణం. ఆసారి మరీను, ఎందుకంటే ఆ బంద్ మా అత్తయ్య కోసం కావాలి.

అత్తయ్య శ్రీకాకుళం వైపు పల్లెనుంచి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. బెంగాలీలో చేపల బేరం ఆడితే అమ్మేవాడు దండం పెట్టాల్సిందే, కానీ ఆవిడ బడి మొహం చూడలేదు. ఊళ్లో ఉన్న చెల్లెలు మాత్రం ఐదో తరగతి దాకా చదువుకుంది. ఆ చెల్లెలికి ఉత్తరం రాయాలంటే ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. నేను రాస్తానుగా అంటే పప్పు రుబ్బుతూనే, "ఒకల సేత రాయిత్తే బాగున్నాం, బాగున్నారా అనే గానీ మనసులో మాట రాదే పిల్లా," అన్నారు.

నాకు రోషం వచ్చింది. ఆ సాయంత్రమే పలకా బలపమూ కొనుక్కొచ్చాను. రోజుకి పది నిమిషాలు చాలని లెక్క వేశాను. ఆ పది నిమిషాలే దొరికేవి కావు. తెల్లారకముందే కుళాయి, తర్వాత వంట, ఎనిమిదింటి లోకల్ రైలు, హౌరాలో దిగి గంగ దాటే లాంచీ, అటునుంచి ఆఫీసు. తిరిగొచ్చేసరికి కరెంటు పోయేది. "రేపు చూద్దాం అత్తయ్యా," అనేదాన్ని. మూడు నెలలకు గుణింతాల దాకా వచ్చారంటే అది ఆవిడ పట్టుదలే, నా గొప్పేమీ లేదు.

ఇంతలో కబురొచ్చింది. చెల్లెలికి విశాఖపట్నంలో ఆపరేషనట, వచ్చే వారమే. పక్క క్వార్టరాయన గురువారం పొద్దున్న ఆ ఊరే వెళ్తున్నాడు. ఈసారి ఉత్తరం తనే రాస్తానన్నారు అత్తయ్య. ఆవిడకు ఒక్క వాక్యానికే అరగంట పడుతుంది. లాంతరు వెలుగులో కళ్లు ఆనవు. ఒక పగలంతా కావాలి, పక్కన నేనుండాలి. సరిగ్గా అప్పుడే బుధవారం బంద్ అన్నారు.

మంగళవారం నేను మనిషిలా లేను. రెండు రోజుల బట్టలు ఉతికేశాను, కిరసనాయిలు లైన్లో నిలబడ్డాను, బుధవారానికి పనికొచ్చేలా పులిహోర పులుసు కాచి పెట్టాను. ఆఫీసులో మర్నాడు టైపు చెయ్యాల్సిన ఉత్తరాలు కూడా కొట్టి సొరుగులో పేర్చాను. ఇంత వేగంగా పనిచేస్తే ఇక విప్లవం ఎవరికి కావాలి దీదీ అని మా సెక్షన్లో అందరూ దాదా అని పిలిచే పెద్దాయన వెక్కిరించాడు. వచ్చేటప్పుడు బజార్లో జనాన్ని తోసుకుని బంగాళాదుంపలు, గుడ్లు కొన్నాను. ఒక్క గుడ్డు పగలకుండా లోకల్ ఎక్కిన ఆ రోజు నా అంతటిది లేదనుకున్నాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే రేడియోలో చెప్పారు, బంద్ ఎత్తేశారని.

నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య పలక తీసి అటక మీద పెట్టేశారు. "పోన్లే. పక్కింటోల్ల సేత రాయించేత్తాను," అన్నారు. అలా అనడమే నన్ను చంపేసింది.

మర్నాడు చీర కట్టుకుని, సంచీ తగిలించుకుని మెట్ల దాకా వెళ్లాను. అప్పుడు తట్టింది. బట్టలు ఉతికేశాను, వంట సగం అయిపోయింది, ఆఫీసు ఉత్తరాలు సొరుగులోనే ఉన్నాయి. ఇవాల్టి పనంతా నిన్ననే అయిపోతే ఇవాళ ఎక్కడికి పోతున్నట్టు? వెనక్కి తిరిగి అటక మీంచి పలక దించాను. బంద్ ఎత్తేసిన సంగతి మాకు తెలియలేదని గురువారం ఆఫీసులో చెప్పొచ్చు అనుకున్నాను. తీరా చెప్పబోతే దాదా నాకంటే ముందే అదే కథ చెప్పి కూర్చున్నాడు.

వరండాలో చాప వేసి కాగితం, కలం ఇచ్చాను. రెండు వాక్యాలయ్యాక నన్ను వంటింట్లోకి తరిమేశారు. అక్కణ్ణుంచే అడిగేవారు, ఆపరేషన్ ఎలా రాయాలని, దేవుడు ఎలా రాయాలని. పన్నెండింటికి మళ్లీ పిలిచారు. "కోడలు అని ఎలగ రాత్తారే?"

గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చాను. చెప్పాను. ఆ తర్వాత ఒక్క మాటా అడగకుండా గంటన్నర రాశారు. తప్పులు దిద్దుతాను చూపించమంటే కాగితం మడిచి అన్నం మెతుకులతో అంటించేశారు. "తప్పులుంటే దాన్నే దిద్దుకోనీ. నువ్వు సదవకూడదు."

ఆవిడ మనసులో మాట అందులో ఉందని నాకెంత ఆనందమో, అదేమిటో తెలియక అంత ఉడుకుమోత్తనం.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలకి జవాబొచ్చింది, అత్తయ్య పేరు మీదే. ఆవిడ మెట్టు మీద కూర్చుని కూడబలుక్కుంటూ చదివారు. మధ్యలో ఒకచోట ఆగి నన్ను ఎగాదిగా చూసి నవ్వారు. నా గురించేనని అర్థమైంది. లోకల్‌కి టైమైపోతున్నా కదల్లేదు. ఏం రాసిందో చెప్పమని బతిమాలాను.

ఆవిడ ఉత్తరం మడిచి బొడ్లో దోపుకున్నారు.

"రేపు సెప్తాన్లే పిల్లా," అన్నారు.