తక్కెళ్ల కొట్టు ముందు బల్ల

తక్కెళ్లు బాగుచేసే ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరూ దానికి పని పెట్టలేదు. చాటున "తక్కెళ్లాయన", ఎదురుగా "గురువుగారు". ఆ రెండో పిలుపే కొంప ముంచింది.

మొదట్లో ఆయనకు శిష్యులు లేరు. పక్క కొట్టులో పుస్తకాలకు అట్టలు కుట్టే స్నేహితుడొకడు ఉండేవాడు, అంతే. ఇద్దరిదీ వానాకాలం చదువే. అయితేనేం, తెలుసుకోవాలన్న యావ మాత్రం ఇద్దరికీ తలకు మించి ఉండేది. గ్రంథాలయం నుంచి చిరిగిన పుస్తకాలు మూటలుగా వచ్చేవి. అట్ట పడిందంటే పుస్తకం వెళ్లిపోతుంది గనక, ఊడిన కాగితాలు ఊడినట్టుండగానే ఇద్దరూ చెరిసగం పంచుకుని చదివేసేవారు. రోజుకొక ప్రశ్న. నోటుపుస్తకంలో ఎడమ పేజీ ప్రశ్నకు, కుడి పేజీ జవాబుకు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప కుడి పేజీలో సిరా పడకూడదని కట్టడి.

"ఒరే, నువ్వన్నది తప్పు."

"ఎక్కడ తప్పో చూపించరా, అరుస్తావేం?"

"అరవకపోతే నీ బుర్రకెక్కదు గదా!"

అలా కీచులాడుకుంటూనే పన్నెండేళ్లలో మూడు నోటుపుస్తకాలు నింపారు. తక్కెళ్లాయన కోరిక ఒక్కటే. తను పోయేలోగా ఆ మూడూ పది కావాలి. "అందరి మొగుళ్లూ మేడలు కడుతుంటే మా ఆయన ప్రశ్నలు కడుతున్నాడు" అని భార్య దెప్పేది. దెప్పినా, నోటుపుస్తకాలకు చెద పట్టకుండా చూసేది ఆవిడే.

తరవాత కొట్టు ముందు బల్ల వెలిసింది. పని మీద వచ్చినవాళ్లు కూర్చుంటారని ఆయనే వేయించాడు. కూర్చున్నవాళ్లు మరి లేవలేదు. ఇళ్ల బ్రోకరు, సైకిళ్లు బాగుచేసేవాడు, ఉద్యోగం దిగిపోయిన బస్సు కండక్టరు, ముగ్గురూ సాయంత్రం నాలుగయ్యేసరికి బంక పెట్టి అతికించినట్టు ఉండేవారు. చెడ్డవాళ్లేం కాదు పాపం. ఏ సందేహమొచ్చినా ఈయన్నడిగేవారు, ఈయన ఏం చెప్పినా "ఆహా!" అనేవారు. బెల్లం లాంటి మాట అది. తినగా తినగా పళ్లూడతాయని తినేవాడికి తెలియదు.

ఒక సాయంత్రం వీధి చివర చంద్రుడు పళ్లెమంత అయి లేచాడు.

"నెత్తిమీదికొచ్చేసరికి చిన్నబోతాడెందుకు గురువుగారూ?" అన్నాడు కండక్టరు.

"లేచేటప్పుడు మనకు దగ్గరగా ఉంటాడు గనక," అనేశాడు తక్కెళ్లాయన, చేతిలో పని ఆపకుండానే.

"ఆహా!" అంది బల్ల.

పక్క కొట్టులోంచి అట్టలాయన తల బయటపెట్టాడు. "కాదురా. చెయ్యి చాచి చిటికెనవేలి గోరు అడ్డం పెట్టి చూడు. ఇప్పుడొకసారి, నెత్తిమీదికొచ్చాక ఒకసారి. రెండుసార్లూ గోరు చాటునే దాక్కుంటాడు. పెద్దగా కనిపించడం మన కంటి భ్రమ."

ఇద్దరే ఉంటే తక్కెళ్లాయన వేలెత్తేవాడే. ఇప్పుడు ముగ్గురు చూస్తున్నారు.

"పుస్తకాలకు వీపు కుట్టేవాడివి, వాటి కడుపులో ఏముందో నీకెందుకురా?"

బల్ల పగలబడి నవ్వింది. అట్టలాయన లోపలికి పోయి సూది అందుకున్నాడు. నెల తిరక్కుండా కొట్టును వెనక సందులోకి మార్చేసుకున్నాడు. నాలుగో నోటుపుస్తకం మొదటి పేజీలో చంద్రుడి ప్రశ్న ఎడమవైపు ఉండిపోయింది. కుడివైపు సిరా పడలేదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. తక్కెళ్లాయనకు జవాబు తెలియని ప్రశ్నే లేకుండా పోయింది.

తక్కెడను పరీక్షించడానికి ఆ పనిలో పాత పద్ధతొకటి ఉంది. సరుకూ రాయీ తట్టలు మార్చి మళ్లీ తూచాలి. ఒకవైపు మొగ్గే తక్కెడకు ఆ మొగ్గు పూడ్చే తప్పుడు రాయి జతపడితే, ముల్లు సత్యసంధుడిలా నిటారుగా నిలబడుతుంది. తట్టలు మారిస్తే గానీ గుట్టు బయటపడదు. ఒకరోజు అలాంటి జత ఆయన చేతికొచ్చింది. తట్టలు మార్చి, ముల్లు వాలిపోవడం చూసి, ఎందుకో తలెత్తి బల్ల వైపు చూశాడు.

ఆ సోమవారం, "కోపమొచ్చినవాడే నిజం చెబుతాడు," అన్నాడు. "ఆహా!" అన్నారు. గురువారం మాట తట్టలు మార్చి, "కోపమొచ్చినవాడి నోట నిజం రాదు," అన్నాడు.

"ఎంత మాటన్నారు!" అన్నాడు బ్రోకరు.

"ఇది మా బావమరిదికి చెప్పాలి గురువుగారూ," అన్నాడు సైకిలాయన. "సోమవారంది చెప్పేశా."

ఇంటికెళ్లి, కంచం ముందు నుంచి లేచేశాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఇరవై ఏళ్లుగా నేనొక్క కొత్త సంగతీ నేర్చుకోలేదే."

"వీధంతా మీ దగ్గర నేర్చుకుంటోందిగా?"

"అదే గదే ఏడుపు!"

"అయితే ఆ అట్టలాయన దగ్గరికే వెళ్లండి. నాలుగడుగుల సందు. మీకు ఇరవై ఏళ్లు పట్టింది."

మర్నాడు మధ్యాహ్నం నాలుగో నోటుపుస్తకం చంకన పెట్టుకుని వెళ్లాడు. ఇరుకు గది, జిగురు వాసన. అట్టలాయన జుట్టు ముగ్గుబుట్టయింది. ఎదురుగా పీట మీద గ్రంథాలయం ఊడ్చే ఆవిడ, ఒళ్లో ఊడిన కాగితాలు పెట్టుకుని పైకి చదువుతోంది.

"రండి, కూర్చోండి," అన్నాడు అట్టలాయన.

ఒరే అన్న నోటితో రండి అన్నాడు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"సముద్రానికి పోటు రోజుకో వేళకు ఎందుకొస్తుందన్నా?" అంది ఆవిడ. "సరిగ్గా ఇక్కడే కాగితం చిరిగి చచ్చింది."

తక్కెళ్లాయన నోరు దానంతటదే తెరుచుకుంది. "గాలిని బట్టి."

ఎవరూ ఆహా అనలేదు.

"గాలి లేని రోజు పోటు రాదా మరి?" అంది ఆవిడ. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. "మొన్న చదివినదాంట్లో చంద్రుడని ఉన్నట్టు గుర్తు. ఏమన్నా?"

"చంద్రుడే. వేళ ఎందుకు మారుతుందో మాత్రం నాకు తెలియదమ్మా. వెతుకుదాం."

తెలియదు. ఎంత తేలిగ్గా అనేశాడు! తక్కెళ్లాయన కూడా ఆ మాటే అనాలని చూశాడు. నాలుక తిరగలేదు. ఇరవై ఏళ్లుగా నలిగిన దారినే మాట దొర్లింది.

"చీపురు పట్టే చేతికి సముద్రాలు కావాల్సొచ్చాయే!"

నవ్వడానికి అక్కడ బల్ల లేదు. ఆవిడ కాగితాలు వరుస చూసుకుని పక్కన పెట్టింది. అట్టలాయన దారానికి మైనం రాసి, సూదికి ఎక్కించి, ఒక కుట్టు వేసి అన్నాడు.

"కొట్టు దగ్గర మీకోసం చూస్తుంటారేమో."

తప్పయిందనడానికి గుమ్మం దాకా వ్యవధి ఉంది. గుమ్మం దాటేశాక కూడా వెనక్కి తిరగొచ్చు. ఆయన తిరగలేదు. నోటుపుస్తకం చంకలోంచి దిగనే లేదు.

"గురువుగారొచ్చారు, జరగండి జరగండి!" అంటూ బల్ల చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు. పొద్దు వాలాక వీధి చివర చంద్రుడు లేచాడు, ఆనాటిలాగే, పళ్లెమంత. మోకాలి మీదున్న చెయ్యి మెల్లగా ముందుకు సాగింది. చిటికెనవేలు పైకి లేచింది.

"ఏంటి గురువుగారూ, బళ్లో పిల్లాడిలా వేలు చూపిస్తున్నారు? ఒంటికా? వెళ్లొచ్చేయండి!" అన్నాడు బ్రోకరు.

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వి, వేలు ముడుచుకున్నాడు.

"ఎంత దగ్గరికొచ్చాడో చూడండి చంద్రుడు," అన్నాడు కండక్టరు. "లేచేటప్పుడు దగ్గరగా ఉంటాడని ఎప్పుడో మీరే చెప్పారు, గుర్తుందా?"

"అవును," అన్నాడు తక్కెళ్లాయన.

"ఆహా!" అంది బల్ల.