జీబ్రా పటంలో మూడో నంబరు

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న చివరి ఏళ్ళలో నేను అక్కడి బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అనడం కూడా పెద్ద మాటే, వల్లె వేయించేవాణ్ణి. జంతువుల శరీరంలో ఏముంటుందో చూపడానికి మాకున్నది ఒకే ఒక్క పటం, జీబ్రాది. పుదుచ్చేరి నుంచి వచ్చిన కట్టలో గుర్రాన్నీ ఆవునూ చెదలు తినేయగా ఇది మిగిలింది. ఒకవైపు చారల చర్మం తీసేసి, లోపలి భాగాలకు నంబర్లు వేసి ఉండేవి. ఒకటి గుండె, రెండు ఊపిరితిత్తులు, మూడు పొట్ట, నాలుగు పెద్దపేగు మొదట్లో ఉండే పెద్ద సంచి. అంతా ఫ్రెంచిలోనే చెప్పాలి. తరగతిలో తెలుగు ముక్క వినిపిస్తే పెద్దమేష్టారి చీవాట్లు నాకే.

ఏటేటా అదే జీబ్రా, అవే నంబర్లు. మధ్యాహ్నం ఉక్కపోతలో నా గొంతు నాకే విసుగ్గా వినిపించేది. ఇది చారలున్న గుర్రమేనర్రా, మన జట్కా గుర్రానికీ లోపల ఇలాగే ఉంటుంది అని తెలుగులో ఒక్కమాట చెబుదామని చాలాసార్లు అనిపించింది. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకునేవాణ్ణి.

ఆ పాఠం అందరికంటే బాగా అప్పజెప్పేది ఫరంపేటలో జట్కా తోలే ఆయన కూతురు. పదేళ్ళుంటాయేమో. బెత్తం మూడో నంబరు మీద ఆనించి, పొట్ట చిన్నది, గది ఒక్కటే, ఈ జంతువు నెమరు వేయదు అని గుక్క తిప్పుకోకుండా ఫ్రెంచిలో చెప్పేది. నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ఒకరోజు ఆ పిల్ల బడికి రాలేదు. సాయంత్రం ఇంటికి పోతూ చూస్తే వాళ్ళ వాకిట్లో గుర్రం పడి ఉంది. మెడ తిప్పి మాటిమాటికీ తన డొక్క చూసుకుంటోంది. తండ్రి అడవిపొలం ఊళ్ళో గేదెల మధ్య పెరిగినవాడు. ఏడాది కిందటే వాటిని అమ్మి గుర్రమూ బండీ కొన్నాడు. ఇల్లు గడిచేది దాని మీదే.

"పొద్దుటి కాణ్ణుంచి కడుపుబ్బరవండి మేష్టారూ. అల్లం, వాము దంచి గొట్టంతో పట్టేవండి. కదపకుండా పడుకోబెట్టి కాసింత పచ్చగడ్డి కూడా తినిపిచ్చేవండి. ఇంక నెమరేసిందంటే గండం గడిచినట్టేనండి, ఆయ్."

గేదె జబ్బు పడితే మా వైపు ఎవరైనా చూసేది అదే. కూతురు గుర్రం దవడ కింద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, కదులుతుందేమోనని.

"ఎప్పుడు నెమరేత్తాదండి?" అని నన్ను అడిగింది.

దాని ముందు మిగిలిన పచ్చగడ్డిని పక్కకు లాగేశాను. "గుర్రం నెమరు వెయ్యదమ్మా," అన్నాను. "మేత పెట్టకూడదు. లేపి నడిపించాలి."

"అదేటండి, గడ్డి తినేదేదైనా నెమరేత్తాది కదండీ," అన్నాడు తండ్రి. అయినా నా మాట కాదనలేదు. ముగ్గురం కలిసి లేపబోయాం. ముందుకాళ్ళ మీద లేచి మళ్ళీ పడిపోయింది. దీపాలు పెట్టే వేళకు ప్రాణం పోయింది. జట్కా గుర్రమూ ఇంతేనని ఆ ఒక్కమాట ఏదో ఒక రోజు నేను చెప్పి ఉంటే, నెమరు కోసం కాచుకోకుండా పొద్దున్నే లేపి నడిపించేవాళ్ళు. బతికేదో లేదో తెలియదు గానీ, నడిపించేవాళ్ళు.

వారం తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. తండ్రి కూలికి పోతున్నాడట. నేను పటం తగిలించగానే, పిలవకుండానే వచ్చి బెత్తం తీసుకుంది. గుండె, ఊపిరితిత్తులు సరిగ్గానే చెప్పింది. మూడో నంబరు దగ్గర ఆగిపోయింది.

"గుర్రానిక్కూడా ఇంతేనాండి?" అని తెలుగులో అడిగింది.

పక్క గదిలో పెద్దమేష్టారు ఉన్నారు. "ఇంతేనమ్మా," అన్నాను, తెలుగులోనే.

"అయితే ఇది నాకు ముందే వచ్చండి," అని బెత్తం బల్ల మీద పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది.