నా తల మీద పోసిన పద్దెనిమిది బిందెలు

ఆ కరువు ఏడాది నా తల కోసం ఖర్చయినవి ఇవి: నీళ్లు పద్దెనిమిది బిందెలు, వేరుశెనగ నూనె అర సేరు, కుంకుడుకాయలు రెండు సేర్లు, దిండు గలీబులు రెండు, తెల్ల తువ్వాలు ఒకటి. పరువును కొలిచే పాత్ర నా దగ్గర లేదు గనుక దాన్ని లెక్కలో చేర్చలేదు. ఆ రోజుల్లో అనంతపురంలో మా వీధి బావికి అడుగు కనిపించేది. ఇంటికి రోజుకు రెండు బిందెలు వంతు. తలస్నానం పండగకే.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తల మాత్రం నెరిసి నలభై అయిదేళ్లవాడిది. బడి అయిదో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, వేరుశెనగ మిల్లులో గుమాస్తా పని అందువల్లే దొరికిందనుకున్నాను. మా ఊరు కంబదూరు నుంచి వచ్చిన బావ సంతలో పదిమంది ముందు "ఏం తాతా, మనవళ్లు బాగుండారా?" అన్నాడు. ఆ గురువారమే నల్లరంగు పొడి పొట్లం కొన్నాను. అరగంట ఉంచితే నెల రోజులు నిలుస్తుందని దాని మీద రాసి ఉంది. త్రైరాశికం తెలిసినవాడికి ఇంకేం కావాలి? రెండు గంటలు ఉంచితే నాలుగు నెలలు. (లెక్క తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.) కడిగి చూస్తే జుట్టుతో పాటు నుదురు, రెండు చెవులు, మెడ కూడా నాలుగు నెలలకు సిద్ధమై ఉన్నాయి.

శుక్రవారం పొద్దున మిల్లు మేస్త్రీ నన్ను చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "ఏమప్పా, ఎంత పని చేసుకుంటివి! సోమవారం షావుకారు వస్తాండాడు, గోడౌను బీగంచెవి నీకియ్యల్లని. 'తల నెరిసినోడు, నిలకడగా ఉంటాడు, పిల్లోళ్ల చేతికైతే ఇయ్యను' అని నిన్ను చూసిపోయిన దినమే అన్యాడు ఆయప్ప." షావుకారు నన్ను చూసింది ఆ ఒక్కసారే. తాళంచెవి రాకపోతే నా పని ఆ సీజనుతో సరి, తర్వాత కంబదూరులో ఎండిన చేనే గతి. అంటే మూడు రోజుల్లో నా తెల్లవెంట్రుకలు నాకు తిరిగి రావాలి.

ఇంటికి పోయి చాకలి సోడా కలుపుతుంటే పక్కింటి బూబమ్మ గోడ మీదుగా చూసింది. వచ్చి ముంత లాక్కుంది. "సోడా పెడితే రంగు పోతాది, ఎంటికలూ పోతాయి. అప్పుడు నెరిసింది యాడ చూపిస్తావు? బోడిగుండు మీదనా?"

"మరేం చెయ్యాల బూబమ్మా?"

"చెనిక్కాయ నూనె గోరువెచ్చగా పట్టించు. గంట ఉండు. కుంకుడు రసంతో కడుగు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మంట పుడితే నిలిపెయ్. చెవులకు నూనెగుడ్డ, మెల్లగా."

"నీళ్లో?"

ఆమె కొడుకు ఊరవతల తోటబావి నుంచి బండి మీద పీపాతో నీళ్లు తెచ్చేవాడు. "బదులు తీసుకో. బిందెకు బిందె" అంది. కడుగుకు మూడు బిందెలు, రోజుకు రెండు కడుగులు, మూడు రోజులు. ఆదివారం సాయంత్రానికి చెవులు నావయ్యాయి. జుట్టు నలుపు వదిలింది గాని తెలుపు దాకా రాలేదు, మా చేలలోని ఎర్రమట్టి దగ్గర ఆగిపోయింది.

సోమవారం షావుకారు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తన తలపాగా తీశాడు. కింద అదే ఎర్రమట్టి. "నువ్వూ గోరింటాకు మొదలుపెట్టినావా? నాకు యాభై దాటినాక తప్పలేదు. సిగ్గెందుకప్పా, పెద్దతనం అందరికీ వచ్చేదే" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. వయసు అడగలేదు, నేను చెప్పలేదు.

నా వంతు నీళ్లలోంచి వారానికొక బిందె చొప్పున పన్నెండు బిందెలు తీర్చాను. అంతలో వానలొచ్చి బావి నిండింది. మిగిలిన ఆరూ ఒక్కరోజులో తీర్చేద్దామని మొదటి బిందె మోసుకుపోతే బూబమ్మ వాకిట్లోనే ఆపేసింది. "నేనిచ్చింది కరువు నీళ్లు. ఇప్పుడు వాననీళ్లు తెచ్చి బాకీ తీర్చల్లని చూస్తాండావా? మళ్లా కరువొచ్చినప్పుడు ఇద్దువులే, పో." లెక్క ప్రకారం ఆమె మాటే సరైనది. మళ్లీ కరువు వచ్చేసరికి ఆమె విడపనకల్లులో కూతురింటికి వెళ్లిపోయింది, అక్కడే పోయింది.

ఇప్పుడు నాకూ యాభై దాటింది. తల పూర్తిగా తెల్లబడింది, అందుకు చుక్క నీళ్లు కూడా ఖర్చు కాలేదు. కరువు వచ్చిన ప్రతిసారీ ఆమె ఇంటి గోడ వైపు చూస్తాను. బాకీ ఆరు బిందెలు.