గంభీరావుపేట గీతల బండ

సిరిసిల్ల చరిత్ర సంఘంలో నలుగురే సభ్యులు. అందులో కాలు నిలవనిది ఎల్లేశానికే. నలభై ఏళ్లు సాంచెల మీద బట్ట నేసి, ఇప్పుడు శాసనాల కోసం కోరుట్ల, జగిత్యాల బస్సుల్లో తిరుగుతున్నాడు. ఈ ఏడన్నా ఏదో ఒకటి దొరక్కపోతే సంఘం మూసేద్దామన్నారు మిగతా ముగ్గురు. చివరికి గంభీరావుపేట తాటివనంలో గీతలున్న బండ దొరికితే, ఆటోలో సంఘం గదికి తెచ్చి "వెయ్యేళ్ల శాసనం" అని అట్ట రాసిపెట్టాడు.

గది ఊడ్చడానికొచ్చిన పోశవ్వ పకపకా నవ్వింది.

"ఓ ఎల్లేశన్నా, గిది కల్లుకు తాళ్లెక్కే మా ఇంటాయన కత్తి నూరుకున్న బండనే! సాంచెల కాడ కూసున్నోనికి గిదేం ఎరుక?"

ఎల్లేశం మొహం మాడింది. అయినా కొత్త అట్ట తీశాడు.

"మరి ఆయన పేరు చెప్పు, రాస్త."

"మొగని పేరు నోటితోని ఎట్ల చెప్పాలె? సిగ్గుండాలె నీకు!"

దొరికిన ఒక్క వస్తువూ పేరు లేకుండా ఉండటమా! సంచి భుజాన వేసుకుని, ఆ పేరు ఊళ్లోవాళ్లను అడగడానికి ఎల్లేశం మళ్లీ గంభీరావుపేట బస్సెక్కాడు.