తెరిచి చూడని పేజీ

రిఫరెన్సు అన్న మాట నేను ఎమ్మెస్సీలో నేర్చుకోలేదు. ఆత్మకూరులో, ఆదివారం బడిలో, ఏడేళ్ళ వయసులోనే నేర్చుకున్నాను. కంఠతా పట్టిన వాక్యం గడగడా అప్పజెప్పినా, అది ఏ అధ్యాయమో ఏ వచనమో చెప్పకపోతే మా అవ్వ బెల్లంముక్క ఇచ్చేది కాదు. చెప్పినా ఊరుకునేదా? తన నల్ల అట్ట గ్రంథం తెరిచి, ఆ వచనం మీద వేలు పెట్టి, అప్పుడు తలూపేది. మిషను బడిలో నాలుగో తరగతి వరకే చదివిన మనిషి.

ఒకసారి సభలకు బయటూరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడని వాక్యం చెబుతోంది అన్నాడు. అవ్వ లేచి నిలబడింది.

"ఏ అధ్యాయం అయ్యగారూ?"

"ఎక్కడో ఉందిలేమ్మా," అని ఆయన నవ్వాడు.

"ఎక్కడో ఉంటే ఎట్టా? చెప్తే తెరుస్తాం గదా!"

పందిట్లో అందరూ పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. దొరకలేదు. ఉంటే కదా దొరకడానికి! ఆ పూట భోజనాల దగ్గర మా నాయన సిగ్గుతో తలెత్తలేదు. అవ్వ మాత్రం రెండోసారి పులుసు పోయించుకుని తినింది.

అలాంటి అవ్వకు మనవరాలిని నేను. డెబ్బైల చివర్లో ఉదయగిరి జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. ఆ ఊళ్ళో చెంచాలూ గరిటెలూ చెక్కేవాళ్ళు వాడే కొండచెట్టు ఒకటుంది. దాని గింజలు ఎలా మొలుస్తాయో చూడాలని రెండేళ్ళు కుండీలతో వేగి ఒక వ్యాసం రాశాను. అది సైన్సు పత్రికలో అచ్చయితే నన్ను పీహెచ్‌డీకి తీసుకుంటానని యూనివర్సిటీలో మా సారు మాట ఇచ్చాడు. పీహెచ్‌డీ వస్తే డిగ్రీ కాలేజీ ఉద్యోగం. రాకపోతే రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకు మందారపువ్వు కోసి చూపించడమే. వ్యాసంతో పాటు పంపే ఉత్తరం మీద తన సంతకం కూడా ఉండాలన్నాడు సారు. నా బతుకంతా ఆ సంతకం మీద ఆగి ఉంది.

పత్రికవాళ్ళు నియమాల కాగితం ఒకటి పంపారు. రచయిత ఇంటిపేరు ముందు రావాలి. పత్రిక పేరు కింద గీత, సంపుటం నంబరు కింద అలలాంటి గీత, ఆ తర్వాత పేజీలు. వ్యాసంలో ఏది ముందొస్తే దానికి ఒకటో నంబరు. అదంతా చెయ్యొచ్చు. కానీ ఆ పుస్తకాలు ఉదయగిరిలో ఎక్కడ చూసేది? మా కాలేజీ లైబ్రరీ అంటే ఒక బీరువా, దానికి తాళం. సారు తేలిగ్గా తేల్చేశాడు. "నా వ్యాసం వెనకాల ఉన్నవే దింపుకో అమ్మా. అందరూ చేసేది అదే." అబద్ధమెందుకు, నేనూ దింపుకున్నాను. సారు సొంత వ్యాసాలు రెండూ కలిపితే ఇరవై రెండు అయ్యాయి.

అందులో మూడోది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ చెట్టు గింజ నీడలో మొలవదని ఒక దొర ఎప్పుడో తేల్చాడని అందరూ దాన్నే చూపిస్తారు. నా కుండీల్లో నీడలోనే శుభ్రంగా మొలిచాయి. నేను తప్పు చేశానా, దొర తప్పు చేశాడా? వేసవి సెలవుల్లో నెల్లూరు వెళ్ళి మద్రాసు రైలెక్కాను. అక్కడి పెద్ద లైబ్రరీలో ఆ సంపుటం తెప్పించుకున్నాను. దుమ్ము దులిపి, సారు రాసిన పేజీ తెరిచాను.

వేరుశెనగ మూటలకు పట్టే పురుగుల మీద వ్యాసం!

విషయసూచిక మొత్తం చూశాను. ముందు సంపుటం, వెనక సంపుటం చూశాను. దొరా లేడు, చెట్టూ లేదు. నాలుగు రోజులు అక్కడే కూర్చుని మిగతావన్నీ తెరిచాను. తెరిచిన ప్రతిదానికీ అట్టముక్క మీద ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకున్నాను. మూడోదాన్ని ఉదహరించిన వ్యాసాలు ఆరు దొరికాయి. ఆరింటిలోనూ అదే తప్పు పేజీ. ఆరూ మా సారు వ్యాసం తర్వాత వచ్చినవే. నాకు ఒళ్ళు మండిపోయింది.

యూనివర్సిటీకి పోయి చెబితే సారు నా మాట పూర్తిగా విననైనా లేదు.

"రిఫరెన్సంటే దారి పక్క మైలురాయమ్మా. చూసుకుంటూ పోవాలి గానీ తవ్వి చూస్తారా?"

"అక్కడ రాయే లేదు సార్."

"ఆరుగురు రాశారు. ఆరుగురివీ అబద్ధాలేనా?"

"ఆరుగురూ మీ దగ్గర దింపుకున్నారు సార్. మీరు ఎక్కడ దింపుకున్నారో మీకే తెలియాలి."

ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఆ మూడోది ఉంటేనే నా సంతకం," అన్నాడు. "దాని మీద నేను రెండు వ్యాసాలు కట్టాను. నీ నీడ మొలకల కోసం వాటిని కూలగొట్టుకోనా?"

నా కాగితాలు నేను తీసుకుని బయటికొచ్చాను. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఏడవలేదని ఎందుకు చెప్పాలి? కానీ బస్సు వచ్చేలోపు పెన్ను తీసి మూడోది కొట్టేశాను. దాని మీద కట్టిన సారు వ్యాసాలు రెండూ కొట్టేశాను. పోతే పోనీ, డిగ్రీ కాలేజీ!

ఆత్మకూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే సాయిబుగారు కాగితాలు చూసి తల పట్టుకున్నాడు. మూడోది తీస్తే నాలుగు మూడవుతుంది, అయిదు నాలుగవుతుంది, వ్యాసం పొడుగునా నంబర్లన్నీ జరగాలి.

"ఏందమ్మా ఇది? మూడు లైన్ల కోసరం పద్దెనిమిది పేజీలు మళ్ళీ కొట్టాల్నా? ఉంచితే నష్టమేంది, ఎవురు చూస్తారు?"

"నేను చూసినాను గదా భాయ్."

గొణుక్కుంటూనే మూడు కార్బన్లు సర్ది మొదలుపెట్టాడు. ఉత్తరం కింద నా సంతకం ఒక్కటే పెట్టి పోస్టు చేశాను.

ఏడెనిమిది నెలలకు జవాబొచ్చింది. వ్యాసం బాగానే ఉందట, కానీ ఈ చెట్టు మీద ప్రసిద్ధమైన పాత వ్యాసాన్ని ఎందుకు వదిలేశారని అడిగారు. వెంటనే కార్డు రాశాను: "అది ఏ సంపుటంలో ఏ పేజీలో ఉందో దయచేసి చెప్పండి. తెరిచి చూసి చేరుస్తాను." దానికి జవాబు రాలేదు. అచ్చువేస్తున్నామన్న ఉత్తరం మాత్రం వచ్చింది.

పీహెచ్‌డీ రాలేదు. సారు ఇంకొకరిని తీసుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా మందారపువ్వే కోశాను. నా పిల్లలు మాత్రం ల్యాబ్ రికార్డులో చూడని కణాన్ని చూసినట్టు గీస్తే కాగితం చింపి చేతికిచ్చేదాన్ని. రాక్షసి అనేవాళ్ళు. అననీ.

అచ్చయిన ప్రతులు పోస్టులో వచ్చిన రోజు మొదటిది అవ్వ చేతిలో పెట్టాను. అప్పటికి ఆమె మంచం దిగడం తగ్గించింది. ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. అద్దాలు పెట్టుకుని చివరి పేజీకి పోయి, ఒకటో నంబరు మీద వేలు పెట్టింది.

"ఇది తెరిచినావా?"

"తెరిచినానవ్వా."

వేలు కిందికి జరిగింది. "ఇది?"

"తెరిచినా."

పదకొండోది జర్మన్ భాషలోది. "తెరిచినా గానీ నాకు చదవను రాదు. చదివించుకున్నా," అన్నాను.

"ఆ ముక్క రాసినావా ఆడ?"

"రాసినా."

"సరే." పంతొమ్మిదో నంబరు దాకా అలా అడుగుతూనే పోయింది. అంతా అయ్యాక వేలు తీసి, నా ముఖంలోకి చూసింది.

"మీ సారుది ఏదీ?"

"ఆయనవి లేవవ్వా."

"ఏం, తెరవలా?"

"రెండూ తెరిచినా. తెరిచినందుకే లేవు."